సాయిబు షెడ్డు

మా అబ్బా పేరు శృంగవరపుకోటలో ఎవరికీ తెలీదు. ఆర్టీసీ బస్టాండులో దిగి ఆ పేరు చెప్పి అడిగి చూడండి, ఏ ఆటోవాడూ తల ఊపడు. 'సాయిబు షెడ్డు' అనండి, మారు మాట లేకుండా అరకు రోడ్డు మీద దింపుతాడు. రైతుల పద్దు పుస్తకాల్లో సాయిబు, వినాయకచవితి చందా చీటీ మీద సాయిబు, కరెంటు బిల్లు కుర్రాడి నోట్లో సాయిబు. కర్నూల్లోనో కడపలోనో అయితే ఏ సాయిబని అడుగుతారు. ఇక్కడ అడగరు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మేం నూటికి ఒకరం కూడా లేం. ఒక్కడే ఉన్నచోట జాతి పేరే మనిషి పేరైపోతుంది.

చిన్నప్పుడు ఇది నాకు గౌరవంగా తోచేది. కాలేజీలో చేరాక అవమానంగా తోచింది. ఇప్పుడు నలభై దాటాక రెండిట్లో ఏదని అడిగితే చెప్పలేను. ఈ చెప్పలేకపోవడం గురించే రాద్దామని కూర్చున్నాను. కానీ నాకు తలకెక్కినంత వరకు దీని సంగతి ఒక ట్రాక్టరు గేరుబాక్సుతో ముడిపడి ఉంది. అందుకని ముందు గేరుబాక్సు గురించే చెప్తాను. పీర్ల పండగ గురించీ, దర్గాల దగ్గర హిందువులు కొట్టే కొబ్బరికాయల గురించీ ఇలాంటి వ్యాసాల్లో ఎదురుచూసేవాళ్ళు నన్ను క్షమించాలి. అవి ఇందులో రావు.

2022 ఏప్రిల్. రంజాన్ రెండో వారం. అబ్బాకి కంటి ఆపరేషనై నెల తిరగలేదు, బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడని నేను పత్రికకి సెలవు పెట్టి వచ్చి ఉన్నాను. ఓ సాయంత్రం మాస్సీ ఫెర్గూసన్ 1035 ఒకటి, ఇంకో ట్రాక్టరు వెనక గొలుసుతో కట్టించుకుని షెడ్డు ముందుకొచ్చి ఆగింది. 1983లో కొన్న బండి. ఎరుపు రంగు ఎండకి వెలిసి ఇటుక రంగైంది. దాన్ని కొన్న రైతే దిగాడు. అబ్బా ఈడువాడు, బొడ్డవర అవతల కొండ కింద ఊరు. వెనక మనవడు, పాతికేళ్ళుంటాయి. విశాఖపట్నంలో ఏదో ఉద్యోగం చేసి కరోనాలో అది పోయి ఇంటికొచ్చినవాడు.

"పోయిన దమ్ముల కాడ నుంచీ మూడో గేరు నిలబడ్డం నేదు సాయిబూ. టక్కుమని న్యూట్రలైపోతంది. నిన్న పెంట తోల్తంటే లోపల టప్పుమంది. ఇంక కదల్నేదు."

"నీళ్ళెల్లిపోనాయి మావా లోపలికి. అప్పుడే సెప్పినాను గదా, రబ్బరు మార్చమని."

అబ్బాకి మూడు భాషలు. రైతుతో ఈ భాష. ఇంట్లో మా దక్కనీ. సామాన్ల విషయానికొస్తే ఇంగ్లీషు. నాకు రెండున్నర. ఆ మొదటి భాష నేను రాయగలను, మాట్లాడితే మాత్రం ఎవరూ నమ్మరు.

డ్రెయిన్ బోల్టు విప్పితే నల్లటి ఆయిలు రావాలి. పాలు ఎక్కువైన టీలాంటిది వచ్చింది, ముప్పై లీటర్ల దాకా. ఈ బండికి గేరుబాక్సుకీ వెనక హైడ్రాలిక్ పంపుకీ ఒకటే ఆయిలు. ఒకచోట నీళ్ళు దిగితే అంతటా దిగినట్టే. దమ్ము చేసేటప్పుడు ఇనుప చక్రాలేసి మడిలోకి దింపితే గేరు రాడ్డు కింది రబ్బరు చిరుగులోంచి, యాక్సిలు సీళ్ళలోంచి బురదనీళ్ళు లోపలికి పోతాయి. ఆయిలు జారుడు పోగొట్టుకుంటుంది, బేరింగులు అరుగుతాయి, అరిగిన బేరింగు మీద షాఫ్టు ఒరుగుతుంది, ఒరిగిన షాఫ్టు మీద పళ్ళు పూర్తిగా కలవవు. ఇవి జారి వచ్చి కలుసుకునే పాతకాలపు గేర్లు. సగమే కలిసిన పన్ను మీద పూర్తి బరువు పడుతుంది. అక్కడే మూడో గేరు పన్ను విరిగింది. విరిగిన ముక్క తిరిగే గేర్ల మధ్య పడి, బేరింగు కూర్చునే చోట హౌసింగునే పగలగొట్టింది. అది పోత ఇనుము. వెల్డింగు పెట్టినా ఆ సీటు మళ్ళీ సూటిగా రాదు. అబ్బా వేలితో తడిమి చూసి చెయ్యి తుడుచుకున్నాడు.

"బాక్సే మార్చాల."

మనవడు అప్పుడన్నాడు, విశాఖలో షోరూముకి తోలేద్దామని. ముసలాయన వాడి వైపు చూశాడు. "కంపెనీవోడు దీన్ని ముట్టుకుంటాడేట్రా? కొత్త బండి కొనుక్కో అంటాడు. నీ దగ్గరున్నాయేటి డబ్బులు?" వాడు మాట్లాడలేదు. ఫోను తీసుకుని రోడ్డు మీదికి పోయాడు.

ఆ రాత్రి షెడ్డులో పనిచేసే కుర్రాడు నాకు తన ఫోను చూపించాడు. వాడిదీ ఆ పక్క ఊరే, వాడికీ ఆ ఊరి వాట్సాప్ గ్రూపుంది. పళ్ళు ఎవరి దగ్గర కొనకూడదో, మాంసం ఎవరి దగ్గర తీసుకోకూడదో, బళ్ళు ఎవరిచేత బాగుచేయించుకోకూడదో చెప్పే సందేశం. ఎక్కడో రాసి తెలుగులోకి దింపినట్టు తెలిసిపోతోంది. పంపినవాడు ఆ మనవడు. వారం కిందట పంపింది.

ఆ రోజులు గుర్తున్నాయి కదా మీకు. మార్చిలో కర్ణాటకలో గుడి తిరునాళ్ళలో ముస్లింలు దుకాణాలు పెట్టకూడదని బ్యానర్లు కట్టారు. ఏప్రిల్ 9న ధార్వాడ దగ్గర నుగ్గికేరి హనుమంతుడి గుడి ముందు ఓ ముసలాయన పుచ్చకాయలు నేలకేసి కొట్టారు. ఆ పగిలిన పుచ్చకాయల ఫోటో మా పత్రికలోనూ వచ్చింది. దానికి శీర్షిక పెట్టేటప్పుడు అది చాలా దూరంలో ఉన్నట్టుంది. షెడ్డులో కూర్చుంటే దూరం లేదు.

అబ్బాకి చెప్పలేదు. రోజా మీదున్న మనిషి, కంటికి కట్టు విప్పి నాలుగు వారాలు. అది సాకే అయ్యుండొచ్చు. చెప్తే ఆయన ఏమంటాడో వినడానికి నాకే ధైర్యం లేకపోయి ఉండొచ్చు.

నాలాంటి ఆర్ట్స్ గ్రాడ్యుయేట్ల కోసం ఒక సంగతి చెప్పాలి. లారీకి, జీపుకి చాసిస్ ఉంటుంది. ఇంజనూ గేరుబాక్సూ దాని మీద కూర్చుంటాయి. ట్రాక్టరుకి చాసిస్ ఉండదు. ఇంజను, దాని వెనక గేరుబాక్సు, దాని వెనక డిఫరెన్షియలూ హైడ్రాలిక్కూ ఉండే హౌసింగు, ఇవి ఒకదానికొకటి బోల్టులతో బిగుసుకుని తామే బండికి వెన్నెముకైపోతాయి. 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టరుతో లోకమంతా పాకిన పద్ధతి ఇది. కాబట్టి గేరుబాక్సు తియ్యడమంటే ఏదో భాగం ఊడదియ్యడం కాదు. బండిని రెండు చోట్ల విడగొట్టాలి. ఇంజనూ ముందు చక్రాలూ ఒక ముక్క, వెనక చక్రాలూ సీటూ ఒక ముక్క, మధ్యది చైన్ పుల్లీకి వేలాడుతుంది.

ఇంకో ముచ్చట. ఫెర్గూసన్ ఐర్లండువాడు. అతని కంపెనీ 1953లో కెనడాలోని మాస్సీ-హారిస్‌తో కలిసింది. 1960లో మద్రాసులో టాఫే పెట్టి ఆ బళ్ళు ఇక్కడ చెయ్యడం మొదలెట్టారు. ఆ బండికి దసరాకి పసుపు రాసి బొట్టు పెడతారు. నీదే దేశమని దాన్నెవరూ అడగరు. మమ్మల్నడుగుతారు. మా దాదా 1960ల్లో గుంటూరు వైపు నుంచి ఇక్కడికొచ్చాడు, కొత్తవలస–కిరండూల్ రైల్వే లైను వేసేటప్పుడు ఓ కాంట్రాక్టరు దగ్గర యంత్రాల ఖలాసీగా. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాను పంపడానికి వేసిన లైను, కొండల్లో యాభై పైచిలుకు సొరంగాలు. లైను అయిపోయింది, కాంట్రాక్టరు వెళ్ళిపోయాడు, దాదా ఉండిపోయాడు. అంతకు ముందు సంగతి కావాలంటే, పదిహేడో శతాబ్దంలో శ్రీకాకుళానికి గోల్కొండ ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాను ఉన్నాడు. విజయనగరం పూసపాటివారి మూలపురుషుడు ఈ ప్రాంతానికి ఆయన వెంటే వచ్చాడని చరిత్ర పుస్తకాల్లో ఉంది. నా దగ్గర ఇలాంటివి చాలా ఉన్నాయి. ఎవరైనా అడిగినప్పుడు జేబులోంచి తీసి చూపించే గుర్తింపుకార్డులు. చూపించి చూపించి విసుగెత్తింది.

పాత బాక్సు కోసం నన్ను విజయవాడ ఆటోనగర్ పంపాడు అబ్బా. అదే మోడలు, హౌసింగు మీద వెల్డింగు మచ్చ ఉండకూడదు. పాత సామాన్ల దుకాణంలో మూడు బాక్సులు చూపించారు. ఫోన్లో అబ్బా. "షాఫ్టు తిప్పు. ఫోను దగ్గర పెట్టు." మొదటిది తిప్పాను. "నక్కో." రెండోది రెండు చుట్లు కూడా తిప్పనివ్వలేదు. మూడోదానికి చాలాసేపు విన్నాడు. రోడ్డు మీద లారీలు పోతుంటే ఆగమని, మళ్ళీ తిప్పమన్నాడు. తర్వాత హౌసింగంతా కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దపొడి చల్లమన్నాడు. పగులుంటే అందులో ఇంకిన కిరోసిన్ పైకొచ్చి సుద్దలో సన్నటి గీత కనిపిస్తుంది. కనిపించలేదు. నలభై రెండు వేలు చెప్పాడు దుకాణదారు. అంతవరకూ తెలుగులో బేరమాడుతున్నాను. పేరడిగాడు, చెప్పాను, ఉర్దూలోకి మారాడు. ముప్పై ఆరుకి తెగింది. ఉర్దూ వల్ల నాకు జీవితంలో వచ్చిన లాభాల్లో రొక్కంగా లెక్కపెట్టగలిగింది ఇదొక్కటే.

ఇంక విప్పడం. ముందు ఇరుసుకీ దాని పైనుండే బ్రాకెట్టుకీ మధ్య రెండు వైపులా చెక్క చీలలు కొట్టాలి. ముందు ఇరుసు నడుమ ఒక్క పిన్ను మీద ఊగుతూ ఉంటుంది. చీలలు కొట్టకపోతే బండి విడిపోగానే ఇంజను పక్కకి దొర్లుతుంది, పక్కనున్నవాడి కాలు పోతుంది. ఇంజను కింద జాకీ, జాకీ మీద చెక్క. వెనక ముక్క కింద రైల్వే స్లీపర్లు, దాదా నాటివి, ఇప్పటికీ పుచ్చలేదు. బానెట్టు, బ్యాటరీ, డీజిలు పైపు, వైర్లు, యాక్సిలేటర్ రాడ్డు, స్టీరింగు నుంచి చక్రాలకి పోయే రాడ్లు. పి.టి.ఓ. షాఫ్టు ముందు వెనక్కి లాగేయాలి, లేకపోతే వెనక హౌసింగు విడిపోదు. ఏది విప్పినా దాని బోల్టులు దాని కన్నాల్లోకే రెండు చుట్లు తిప్పి ఉంచమంటాడు. డబ్బాలో పోస్తే తిట్టు.

బోల్టులన్నీ ఇంచీ లెక్కవి. షెడ్డు కుర్రాడి సెట్టు మిల్లీమీటర్లది. 9/16 అంటే 14.29 మిల్లీమీటర్లు. పధ్నాలుగు నంబరు పానా దానికి ఎక్కదు, పదిహేను పెడితే జారి బోల్టు మూలలు అరిగిపోతాయి. దాదా ఇంచీ పానాలు గోడకి మేకులకి వరసగా వేలాడుతుంటాయి. వాటి వెనక గోడ మీద వాటి ఆకారాలే నల్లగా పడి ఉంటాయి. చిన్నప్పుడు నేను ఏ పానా ఎక్కడ పెట్టాలో ఆ నీడలు చూసి పెట్టేవాణ్ణి. అంతకుమించి నేర్చుకోలేదు. నన్ను నేర్చుకోనివ్వలేదు కూడా. చదువుకోమన్నాడు.

చదువుకున్నాను. 2006 నవంబరు 30న సచార్ కమిటీ నివేదిక పార్లమెంటు ముందుకొచ్చినప్పుడు నాకు పాతికేళ్ళు దాటాయి, పత్రికలో కొత్త. ముస్లింలు ప్రభుత్వోద్యోగాల్లో ఎంత తక్కువున్నారో, చిల్లర వర్తకం, బీడీ, నేత, మోటారు బళ్ళ మరమ్మతులాంటి పనుల్లో ఎంత ఎక్కువున్నారో లెక్కలతో చెప్పింది. నేను పెద్ద వ్యాసం రాశాను. అందులో ఒక వాక్యం అందరూ మెచ్చుకున్నారు: పానాలకీ పంక్చర్లకీ పరిమితమైపోయిన జాతి. సభల్లో కూడా ఎవరెవరో వాడారు. అబ్బాకి తెలుగు చదవడం వచ్చు, నెమ్మదిగా. ఆ పేజీ తెచ్చి, "పరిమితం అంటే?" అనడిగాడు. చెప్పాను. తలూపి, పేపరు మడిచి పైన పెట్టి, షెడ్డుకి పోయాడు. అర్థమైనట్టు లేదనుకున్నాను.

పదహారేళ్ళ తర్వాత, పని నాలుగో రోజు, మధ్యాహ్నం, బండి రెండు ముక్కలుగా ఉంది. నేను కింద పడుకుని క్లచ్ హౌసింగు అంచుకున్న పాత గ్యాస్కెట్ గీకుతున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని దీపం పట్టుకున్నాడు. ఉమ్ము కూడా మింగని ఎండ. ముసలి రైతు బయట వేపచెట్టు కిందున్నాడు. సీసాలో నీళ్ళు తాగాలంటే షెడ్డు వెనక్కి పోయి తాగొస్తున్నాడు, అబ్బా చూడకుండా. నేను తాగుతున్నాను, అక్కడే. నాకు రోజా లేదు. ఆ సంగతి అబ్బా ఏనాడూ ఎత్తలేదు, ముసలాయన మాత్రం నా సీసా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఆ పరిమితం మాట," అన్నాడు అబ్బా, ఉర్దూలో, దీపం కదలకుండా. "ఇంకెప్పుడూ రాయకు."

ఏమనాలో తోచలేదు. గీకుతూనే ఉన్నాను. "అక్కడ మూలలో ఇంకా ఉంది," అన్నాడు. అంతే, ఆ సంభాషణ.

నేను రాసింది తప్పు కాదు. ఇప్పటికీ కాదనే అంటాను. 1980ల చివర్లో షెడ్డుకి లేత్ మిషను కొందామని అబ్బా ఒక బ్యాంకు చుట్టూ ఏడాది తిరిగాడు. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి, పూచీ పడేవాళ్ళున్నారు, అప్పు రాలేదు. ఆ తర్వాత మొదలెట్టినవాళ్ళకి వచ్చింది. లేత్ ఉంటే ఇవాళ ఆ షెడ్డు ఇంకోలా ఉండేది. మా చాచా ఇద్దరు కొడుకులు బడి మానేసి పంక్చర్లలో చేరింది ఇష్టపడి కాదు. ఇవన్నీ సచార్ నివేదికలో ఉన్నవే, పేర్లు లేకుండా. కానీ నా వాక్యంలో ఒక లోపముంది, దాన్ని చూడ్డానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. తలుపులు మూసినవాళ్ళ మీద రాయాల్సిన సిగ్గుని పానా మీద రాశాను. 2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిస్సార్ సభలో ప్రధాని వక్ఫ్ ఆస్తుల గురించి మాట్లాడుతూ, వాటిని సక్రమంగా వాడి ఉంటే ముస్లిం యువకులకి సైకిలు పంక్చర్లు వేసుకునే అవసరం వచ్చేది కాదన్నారు. దేశమంతా మావాళ్ళు భగ్గుమన్నారు. నేనూ రాయబోయి ఆగాను. ఆ మాటా నా పాత వాక్యమూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఉద్దేశాలు వేరు, ఎక్కడ నిలబడి అన్నదీ వేరు. పంక్చరు మాత్రం రెండిట్లోనూ తలదించుకునే పనే. నామోషీ అంటాం కదా తెలుగులో, ఆ మాట కూడా మా భాషదే, ఎక్కడ వాడాలో మాత్రం మేమే మరిచిపోయినట్టున్నాం.

బండి విడదీసినప్పుడే మార్చేయాల్సినవి కొన్నుంటాయి. క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు నడుమ ఉండే చిన్న పైలట్ బేరింగు, ఇంజను వెనక ఆయిలు సీలు. బాగానే ఉన్నా మార్చాలి, మళ్ళీ ఇంత పని ఎవడు పెట్టుకుంటాడు. క్లచ్ ప్లేటు బిగించేటప్పుడు పాత షాఫ్టు ముక్కొకటి మధ్యలో దూర్చి సూటి చూసుకోవాలి. వెంట్రుకంత తేడా వచ్చినా ఆ తర్వాత షాఫ్టు దూరదు.

వెనక హౌసింగుకి కొత్త బాక్సు ఎక్కించేశాం. ఇంక ఇంజను కలపాలి. ఆఖరి రోజు పొద్దున మొదలెడితే రెండు అంగుళాల దూరంలో ఆగిపోయింది. షాఫ్టు మీది గాళ్ళు క్లచ్ ప్లేటు గాళ్ళలో పడటం లేదు. జాకీ ఇంత ఎత్తాం, ఇంత దింపాం. పదకొండైంది. షెడ్డు కుర్రాడు రెండు పొడుగు బోల్టులు తెచ్చి, రెండు వైపులా బిగించి లాగేద్దామన్నాడు. నాకూ అదే సబబనిపించింది.

"ఖీంచో నక్కో!" అబ్బా అరవడం నేను చాలా ఏళ్ళ తర్వాత విన్నాను. లాగితే బోల్టు బలానికి గాళ్ళు కలవవు, కొత్త హౌసింగు చెవి విరుగుతుంది, లేకపోతే క్లచ్ ప్లేటు వంగుతుంది. అప్పటికి కలిసినట్టే కనిపిస్తుంది, నెలకి బయటపడుతుంది. ఒకరు వెనక ముక్కని చేత్తో నెడుతూ ఉండాలి, ఒకరు సందులోకి చూస్తూ ఉండాలి, ఒకరు ముందు ఫ్యాను దగ్గర ఇంజనుని వీసమెత్తు వీసమెత్తుగా తిప్పుతూ ఉండాలి. నెట్టడానికి నేనూ కుర్రాడూ. చూడ్డానికి అబ్బా, ఆపరేషన్ చేయించుకున్న కంటితో.

"నువ్వు రా బావూ," అన్నాడు అబ్బా, చెట్టు కింద ఫోను చూసుకుంటున్న మనవణ్ణి. వాడు తాత వైపు చూశాడు. తాత ఏమీ అనలేదు. వాడు లేచి వచ్చి ఫ్యాను పట్టుకున్నాడు.

"తిప్పు. ఆగు. వెనక్కి కొద్దిగా. ఆగాగు. మళ్ళీ."

అరగంట. వాడి చొక్కా చెమటకి వీపుకంటుకుంది. ఒకసారి వేలు బెల్టులో పడి చర్మం లేచింది. అబ్బా చూసి గుడ్డ ఇమ్మని నాకు సైగ చేశాడు. వాడు అక్కర్లేదని చీకేసుకుని మళ్ళీ తిప్పాడు. ఒక తిప్పులో చప్పుడేం లేకుండా వెనక ముక్క నా చేతుల్లోంచి ముందుకి జారిపోయింది. నెట్టినట్టు కూడా లేదు, దానంతటదే వెళ్ళినట్టు. రెండంగుళాల సందు మూసుకుపోయింది. కుర్రాడు ఈల వేశాడు. అబ్బా కళ్ళు మూసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. మనవడు ఇంకా ఫ్యాను పట్టుకునే ఉన్నాడు, ఇంక తిప్పక్కర్లేదని ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఈ కథని ఎలా ముగించాలో నాకు తెలుసు. సెక్యులర్ మిత్రులకి నచ్చేలా రాయడం నాకొచ్చు. వాడు సిగ్గుపడ్డాడనీ, ఆ సందేశం తీసేశాడనీ. అలాంటిదేమీ జరగలేదు. ఆ సాయంత్రమూ వాడి దగ్గర్నుంచి గ్రూపులోకి ఇంకోటి వచ్చింది, షెడ్డు కుర్రాడు చూపించాడు. అది వేరే విషయం గురించి, కానీ అదే బాపతు.

ముసలాయన గురించీ నేను తేల్చుకోలేకపోయాను. షెడ్డు వెనక్కి పోయి నీళ్ళు తాగిన మనిషి. మనవడి ఫోన్లో ఏముందో ఆయనకి తెలుసో తెలీదో. కంపెనీవాడు ముట్టుకుని ఉంటే, కొత్త బండికి డబ్బులుండి ఉంటే, అప్పుడూ మా దగ్గరికే వచ్చేవాడా? 1992 డిసెంబరు 6 తర్వాత అబ్బా నాలుగు రోజులు షెడ్డు మూశాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. అయిదో రోజు రైతులే వచ్చి తలుపు కొట్టి తెరిపించారు. అబ్బా ఆ సంగతి ఇప్పటికీ ఎవరికైనా చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. అది చెరుకు నరికే రోజులని, ట్రాలీలు దారిలో ఆగిపోయి ఉన్నాయని నాకు పెద్దయ్యాక తట్టింది. ఆ మాట ఆయనతో అనలేదు. అభిమానంతో వచ్చారా, అవసరంతో వచ్చారా అని నేను ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నాను. ఆయనకి ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. రాకపోవడం ఆయన అమాయకత్వమా అంటే, బోల్టులతో లాగొద్దన్న మనిషిని అమాయకుడనడానికి నాకు నోరు రావడం లేదు.

కొత్త ఆయిలు పోసి, స్టార్టు చేసి, వెనక చక్రాలు స్లీపర్ల మీద ఎత్తి ఉంచి అన్ని గేర్లూ వేసి చూశాం. ఆరు ముందుకి, రెండు వెనక్కి. అబ్బా పొడుగు స్క్రూడ్రైవరు మొన హౌసింగు మీద పెట్టి పిడి చెవికి ఆనించి ఒక్కో గేరూ విన్నాడు. రివర్సులో ఏదో అరుపుంది. "అది ఈ మోడలుకి పుట్టుకతో వచ్చిందే," అన్నాడు.

లెక్క తేల్చేటప్పుడు ముసలాయన పద్దు పుస్తకం నా చేతికిచ్చాడు, కళ్ళజోడు తేలేదు, రాయమని. చూశాను. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు. పేజీ నిండా మా భాష మాటలే, అరబ్బీవీ పారసీవీ. ఆ పుస్తకం గలాయన్ని పిలిచే 'రైతు' అన్న మాటా అక్కణ్ణించి వచ్చిందే. కింద పాత వరసలో, ఆయన చేత్తోనే: సాయిబు, క్లచ్చి, 1,400, బాకీ 400. నేను అబ్బా అసలు పేరు రాశాను, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. ముసలాయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "ఇదెవులు?" అన్నాడు.

అబ్బా నవ్వాడు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ పేరు కొట్టేసి, పక్కన 'సాయిబు' అని రాశాడు. ఇఫ్తారు టైమవుతోందని లేచాడు. ఈ వ్యాసంలో పేరు రాయనా అని మొన్న ఫోన్లో అడిగితే, ఎందుకన్నాడు.

వెళ్ళేముందు చెప్పాడు రైతుకి, యాభై గంటలు దున్నాక ఆయిలు ఒకసారి దింపి చూడాలని. కొత్తగా ఎక్కించిన పాత బాక్సు, లోపల ఏమైనా అరుగుతుంటే మొదటి ఆయిల్లోనే తెలిసిపోతుంది. గుర్రోణ్ణి పంపుతానన్నాడాయన. పంపుతాడని నేననుకోలేదు.

జూన్ మొదట్లో వాడొచ్చాడు, ఒక్కడే, బండి తోలుకుంటూ. అబ్బా మంచంలో ఉన్నాడు, జ్వరం. నేనూ షెడ్డు కుర్రాడూ దింపాం. వాడు పక్కనే గొంతుక్కూర్చుని చూశాడు. ఆయిలు పల్చగా, చీకటి తేనె రంగులో వచ్చింది. డ్రెయిన్ బోల్టు తీసి గుడ్డతో తుడిచి వాడి చేతిలో పెట్టాను. వెలుతురుకి పట్టి తిప్పి తిప్పి చూశాడు. ఇనుపరజను లేదు. నాకు తిరిగిచ్చి, "బిగించెయ్," అన్నాడు. 'అండీ' లేదు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు, రూపాయి తక్కువ లేదు, ఎక్కువా లేదు.